చెక్క మీద చెయ్యి ఎవరిది? సీఎన్‌సీ మెషిన్ వెనక కథ



పోయిన ఎపిసోడ్ విన్నవాళ్లు చాలామంది ఒకటే కంప్లైంట్ చేశారు. వెనక మెషిన్ గోలకి మాట సగం వినపడలేదట. తప్పు నాదే, రికార్డింగ్ మొదలుపెట్టేముందు స్పిండిల్ ఆపడం మర్చిపోయాను. అందుకే అందులో చెప్పిన చరిత్రనంతా వరసగా సర్ది ఇక్కడ రాస్తున్నాను. వినపడనివాళ్లు చదువుకోండి. వినపడినవాళ్లకి కూడా కొత్త సంగతులు కొన్ని దొరుకుతాయి.

నన్ను ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఐటీఐలో ఫిట్టర్ చేశాను. గల్ఫ్‌లో పదకొండేళ్లు షట్టరింగ్ పని, కార్పెంటర్‌గా మొదలై ఫోర్‌మన్ దాకా వచ్చాను. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద అమెరికా వచ్చాం. ఇప్పుడు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉంటున్నాం. పగలు సైట్‌లో సూపర్‌వైజర్ని. రాత్రిపూట, సెలవురోజుల్లో బేస్‌మెంట్‌లో చిన్న సీఎన్‌సీ రౌటర్ పెట్టుకుని చెక్క మీద బొమ్మలు చెక్కుతాను. నేర్చుకున్నది తెలుగులో వీడియోలు చేసి పెడతాను.

"నీకు ఈ పిచ్చి ఎలా పట్టిందన్నా" అని అందరూ అడుగుతారు. మా నాన్న మాత్రం వేరే మాట అడిగారు. ఆయన వడ్రంగి. సింహద్వారాలు చెక్కడంలో మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయనకి పేరు. పదేళ్ల కిందట మా దగ్గరి టౌనులో ఒకాయన సీఎన్‌సీ షాపు పెట్టాడు. పుస్తకంలో డిజైన్ చూపిస్తే చాలు, మర్నాటికి తలుపు రెడీ. నాన్నకి చెక్కుడు పని తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది. నేను మెషిన్ కొన్నానని సంబరంగా వీడియో కాల్‌లో చూపిస్తే, ఆయన కాసేపు చూసి, "అదేగా ఇక్కడికీ వచ్చింది. నువ్వూ అదే కొన్నావా?" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అసలు ఈ మెషిన్ ఎక్కడ పుట్టింది, ఎవరికోసం పుట్టింది అని చదవడం అప్పుడు మొదలుపెట్టాను.

బొమ్మని తడిమే చక్రం

మెషిన్‌తో చెక్క చెక్కడం కంప్యూటర్ కంటే చాలా పాత పని. 1819లో మసాచుసెట్స్ రాష్ట్రంలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన ఒక వింత లేతుకి పేటెంట్ తీసుకున్నాడు. తుపాకి వెనక చెక్క బట్ ఉంటుంది కదా, అది గుండ్రంగా ఉండదు, వంకర. మామూలు లేతు మీద మంచం కోడు తీయొచ్చు గానీ తుపాకి బట్ తీయలేం. బ్లాంచర్డ్ లేతులో ముందే తయారుచేసిన నమూనా ఒకటి, పచ్చి చెక్క ఒకటి, రెండూ కలిసి తిరుగుతాయి. నమూనా మీద ఒక చక్రం ఎత్తుపల్లాలు తడుముకుంటూ పోతుంది. అది ఎంత లేస్తే కత్తీ అంత లేస్తుంది, ఎంత దిగితే అంత దిగుతుంది. బజారులో తాళంచెవికి డూప్లికేట్ తీసే మెషిన్ చూశారు కదా, అదే లెక్క. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాల ఫ్యాక్టరీలో దీన్ని పనికి పెట్టారు.

అయితే ఆ నమూనా ముందు ఎవరో ఒకరు చేత్తో చెక్కాలి. అది లేకపోతే మెషిన్ గుడ్డిది.

దానికి కాస్త ముందే, 1804 ప్రాంతంలో, ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించాడు. గద్వాల, ధర్మవరం, వెంకటగిరి వైపు వాళ్లకి జకార్డ్ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో చూసి ఉంటారు. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. చీర మీద నెమలి ఎలా రావాలో అట్టల్లో రాసిపెట్టినట్టే. ఇక్కడ నమూనా చీర అక్కర్లేదు, అట్టలు చాలు.

ఒకటి బొమ్మని చూసి చెక్కే మెషిన్, ఇంకొకటి రాత చూసి నేసే మగ్గం. రాత చూసి చెక్కే మెషిన్ రావడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది.

నంబర్లు చదివే మనిషి, హ్యాండిల్ తిప్పే మనిషి

మా ఇంటి నుంచి మిషిగన్ సరస్సు చుట్టి ఉత్తరానికి పోతే ట్రావర్స్ సిటీ అనే ఊరు వస్తుంది. 1940లలో అక్కడ జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. ఆయనకి కాలేజీ డిగ్రీ లేదు, పని షాపులోనే నేర్చుకున్నాడు. రెక్క వంపు సరిగ్గా రావాలంటే ముందు ఉక్కుతో టెంప్లేట్ చేసుకోవాలి. డ్రాయింగ్‌లో కంపెనీవాళ్లు 17 పాయింట్లు ఇచ్చేవారు. మధ్యలో వంపు కలపడం పనివాడి కంటి అంచనా.

పార్సన్స్ దగ్గర ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆఫీసుల్లో పద్దులు లెక్కకట్టే ఐబీఎం కార్డు మెషిన్లతో ఆయన ఆ వంపుని లెక్కేయించాడు. 17 పాయింట్ల చోట 200 వచ్చాయి. అంతేకాదు, కట్టర్‌కి లావు ఉంటుంది కాబట్టి దాని సగం లావు పక్కకి జరిపి మరీ లెక్కేశాడు. సీఎన్‌సీ నేర్చుకునేవాడికి ఈ రోజుకీ మొదట చెప్పే పాఠం అదే. అది తెలియక నేను చెక్కిన మొదటి నేమ్‌బోర్డులో అక్షరాలన్నీ బక్కచిక్కిపోయాయి.

నంబర్లు వచ్చాయి, మరి కోసేదెలా? ఒక మనిషి కాగితం చూసి నంబర్లు పైకి చదివేవాడు. మిల్లింగ్ మెషిన్ దగ్గర ఇద్దరు నిలబడి, ఒకడు ఎక్స్ హ్యాండిల్, ఒకడు వై హ్యాండిల్ ఆ నంబరుకి తిప్పేవారు. ఒక పాయింట్ కోత, మళ్లీ నంబరు, మళ్లీ కోత. చివర్లో పాయింట్ల మధ్య మిగిలిన గట్లని ఆకురాయితో రాకి నున్నగా చేసేవారు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. సైట్‌లో లెవెల్ మెషిన్ దగ్గర నేను రీడింగ్ అరుస్తుంటే అవతల కుర్రాడు స్టాఫ్ పట్టుకుని నిలబడడూ! ఐటీఐలో మొదటి ఆరు నెలలూ ఇనప ముక్కని వైస్‌లో బిగించి ఫైలింగే కదా చేశాం! ప్రపంచంలో మొదటి "నంబర్ల మెషిన్" ముగ్గురు మనుషులూ ఒక ఆకురాయీ.

ఆ నంబర్లు చదివే మనిషి చోట చిల్లుల కార్డు పెడితే, హ్యాండిల్ తిప్పేవాళ్ల చోట మోటార్లు పెడితే ఎలా ఉంటుందని పార్సన్స్ ఆలోచించాడు. 1949లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఆయనకి కాంట్రాక్టు ఇచ్చింది. మోటార్ల సంగతి తేల్చమని ఆయన ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబుని పిలిచాడు. పిలిచినవాడు పక్కకి జరిగాడు, ల్యాబు ముందుకొచ్చింది. సైట్‌లలో ఇలాంటివి మనకి కొత్త కాదు. 1952 సెప్టెంబరులో ఎంఐటీ ఆ మెషిన్ని జనానికి చూపించింది. గది నిండా వ్యాక్యూమ్ ట్యూబులు, కాగితం టేపు మీద చిల్లులు. పార్సన్స్‌కి పేటెంట్ 1958లో వచ్చింది. 1985లో ఆయనకీ స్టూలెన్‌కీ అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది.

చెయ్యిని టేపులోకి ఎక్కించడం

ఇక్కడే నాన్న ప్రశ్నకి దగ్గరగా ఉన్న కథ ఇంకొకటి ఉంది. 1940ల చివర్లోనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వేరే దారి పట్టింది. లెక్కలూ గిక్కలూ లేవు. అనుభవం ఉన్న మెషినిస్టుని ఒక ముక్క కోయమంటారు. అతను హ్యాండిల్స్ తిప్పుతుంటే ఆ కదలికలన్నీ టేపు మీద రికార్డవుతాయి. తర్వాత టేపు వేస్తే మెషిన్ అచ్చం అతను తిప్పినట్టే తిరుగుతుంది. దీన్ని రికార్డ్ ప్లేబ్యాక్ అన్నారు.

ఆ కంపెనీలోనే అప్పట్లో ప్రచార విభాగంలో పనిచేసిన కర్ట్ వానెగట్ తర్వాత పెద్ద రచయిత అయ్యాడు. 1952లో, అంటే ఎంఐటీ మెషిన్ చూపించిన సంవత్సరమే, 'ప్లేయర్ పియానో' అనే నవల రాశాడు. అందులో రూడీ హెర్ట్జ్ అనే ముసలి మెషినిస్టు ఉంటాడు. అతని చేతి కదలికలు టేపుకెక్కించుకున్నాక ఆ పని టేపే చేస్తుంది. అతనితో ఇక అవసరం ఉండదు.

నిజంగా మాత్రం ఫ్యాక్టరీల్లో రికార్డ్ ప్లేబ్యాక్ నిలబడలేదు, నంబర్ల పద్ధతి గెలిచింది. ఎందుకు గెలిచిందని డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ఒక పుస్తకమే రాశాడు. వంకరటింకర విమానభాగాలకి నంబర్ల పద్ధతే బాగా పనికొచ్చిన మాట నిజమే. కానీ అదొక్కటే కారణం కాదంటాడు. రికార్డ్ ప్లేబ్యాక్‌లో ప్రోగ్రామ్ తయారుచేసేది పనివాడి చెయ్యే, అంటే పట్టు షాపులోనే ఉండిపోతుంది. నంబర్ల పద్ధతిలో ప్రోగ్రామ్ ఆఫీసులో ఇంజనీరు రాస్తాడు, షాపులోవాడు ముక్క బిగించి బటన్ నొక్కుతాడు. యాజమాన్యాలకి కావలసింది ఆ పట్టే అని ఆయన వాదన. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. సైట్ ఆఫీసులో డ్రాయింగ్ గీసేవాడికీ, ఎండలో దాన్ని నిలబెట్టేవాడికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇరవయ్యేళ్లుగా చూస్తున్నవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు.

పొలాల ఊరికి మెషిన్ ఎలా వచ్చింది

ఇప్పుడు మా ఊరి సంగతి. షామ్‌బర్గ్ పేరు జర్మనీది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడినుంచి వచ్చిన రైతులు ఇక్కడ పొలాలు చేసుకున్నారు. 1880ల నాటి జర్మన్ రైతు బతుకు ఎలా ఉండేదో చూపించే వోల్కనింగ్ హెరిటేజ్ ఫామ్ ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. వీళ్లూ పరాయి దేశం వచ్చి పని చేసుకున్నవాళ్లే. 1956లో ఊరిని విలేజ్‌గా నమోదు చేసినప్పుడు జనాభా 130 మంది. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్ వచ్చింది, 1976లో మోటరోలా కంపెనీ హెడ్డాఫీసు ఇక్కడికి మారింది. 2020 లెక్కల్లో జనాభా 78 వేలు దాటింది.

అదే మోటరోలా 1974లో 6800 అనే మైక్రోప్రాసెసర్ తెచ్చింది. దానిలాంటి చిప్పులు వచ్చాకే, గది నిండా ఉండే కంట్రోల్ బీరువా చేతిపెట్టెంత అయింది. కాగితం టేపు పోయి మెషిన్‌కి సొంత కంప్యూటర్ వచ్చింది. సీఎన్‌సీలో మొదటి 'సీ' ఆ కంప్యూటరే. కానీ అప్పటికింకా అది ఫ్యాక్టరీ సరుకే, నాలాంటివాడు కొనే వస్తువు కాదు.

ఇంటికి రావడానికి దారి వేసింది ఉచితంగా పంచుకున్నవాళ్లు. 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే చౌక సర్క్యూట్ బోర్డు పుట్టింది. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ ఆ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్ రాసి అందరికీ ఇచ్చేశాడు. జీ-కోడ్ చదివి మోటార్లు తిప్పడం దాని పని. జీ-కోడ్ అంటే భయపడకండి. "జీ1 ఎక్స్50 వై20" అంటే సూటిగా కోస్తూ ఆ పాయింట్‌కి పో అని. పార్సన్స్ షాపులో ఒక మనిషి పైకి చదివిన నంబర్లే అవి. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ షేపోకో అనే చిన్న మెషిన్ డిజైన్ చేసి, కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి మొదలుపెట్టాడు. ఆ దారిలోనే, మాకు 30 మైళ్ల దూరంలో షికాగోలో ఉన్న ఇన్వెంటబుల్స్ కంపెనీ 2015లో ఎక్స్-కార్వ్ తెచ్చింది. ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్ డబ్బు పెడితే తప్ప కదలని మెషిన్, ఇప్పుడు అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. మనమే బోల్టులు బిగించుకోవాలి.

నా మట్టుకి ఇందులో పెద్ద మార్పు ధర తగ్గడం ఒక్కటే కాదు. ఆఫీసులో ప్రోగ్రామ్ రాసేవాడు, షాపులో ముక్క బిగించేవాడు అని విడదీసిన ఇద్దరూ ఈ బేస్‌మెంట్‌లో మళ్లీ ఒకడే అయ్యారు.

నాన్న తామరపువ్వు

మెషిన్ చెయ్యి తిరిగాక మా ఇంటి సింహద్వారం మీద నాన్న చెక్కిన తామరపువ్వు చేద్దామనుకున్నాను. తమ్ముడు తలుపు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఫొటో తీసి పంపాడు. కంప్యూటర్‌లో గీయబోతే ఒక రెక్క సన్నంగా ఉంది, దాని పక్క రెక్క కొస కాస్త వంగింది. చేతిపని కదా, తేడా వచ్చి ఉంటుందిలే అని సగం పువ్వు గీసి, మిగతా సగానికి అద్దంలో బొమ్మలా కాపీ కొట్టాను. ఎనిమిది రెక్కలూ కొలిచినట్టు వచ్చాయి.

చెక్కి చూస్తే సబ్బు మీద అచ్చులా ఉంది. పైగా రెండు రెక్కల అంచుల్లో నార లేచిపోయి చెక్క పెచ్చులూడింది.

షామ్‌బర్గ్‌లో రాత్రి తొమ్మిదైతే చలికాలంలో మన ఊళ్లో పొద్దున ఎనిమిదిన్నర. నాన్న కాఫీ తాగే వేళ. కాల్ చేసి చూపించాను. ఆ సన్నరెక్క సంగతి అడిగాను.

"అక్కడ ముడి ఉందిరా. అందుకే సన్నం చేశా. అది సన్నమైతే పక్కది ఒంటరిగా కనిపిస్తుందని కొస వంచా."

ముప్పయ్యేళ్ల కిందటి టేకు చెక్కలో ముడి. అది ఆయనకి గుర్తుంది. నేను తప్పు అనుకుని సరిచేసింది ఆయన బాగా ఆలోచించి చేసిన పని.

"నువ్వు చెక్కబోయే చెక్క ఏదీ, చూపించు" అన్నారు. కొత్త వాల్‌నట్ పలక కెమెరా ముందు పెట్టాను. అందులోనూ ఒక చిన్న ముడి ఉంది. "దాన్ని దుద్దులోకి తెచ్చుకో. రెక్క మీద పడితే ఊడుద్ది" అన్నారు. బొమ్మ జీరో పాయింట్ 14 మిల్లీమీటర్లు పక్కకి జరిపాను. ముడి సరిగ్గా తామర దుద్దు మధ్యకి వచ్చింది. ఆ చోట ఫీడ్ సగానికి తగ్గించాను. ఈసారి ఆయన గీసిన తేడాలతోనే చెక్కాను. పువ్వు పువ్వులా వచ్చింది.

బ్లాంచర్డ్ చక్రం నమూనా ఆకారాన్ని తడుముతుంది. రికార్డ్ ప్లేబ్యాక్ టేపు చేతి కదలికని పట్టుకుంటుంది. జీ-కోడ్ పాయింట్లని పట్టుకుంటుంది. ఎందుకు అలా తిప్పాడన్నది మూడింటిలోనూ ఉండదు. అది తెలుసుకోవాలంటే మనిషిని అడగాల్సిందే, అదీ మనిషి ఉండగానే.

పంచుకునేటప్పుడు

ఆ తామరపువ్వు ఫైల్ అందరికీ ఉచితంగా పెట్టాను. ముందు నాన్నని అడిగి, ఒప్పుకున్నాకే పెట్టాను. దాని కింద ఆయన పేరు రాశాను, టేకు చెక్క, ముడి, సన్నరెక్క కథ మొత్తం రాశాను. మీ చెక్కలో ముడి ఇంకోచోట ఉంటే పువ్వుని మార్చుకోండి అని కూడా రాశాను.

కొందరు కొండపల్లి బొమ్మల ఫైళ్లు పెట్టమని అడుగుతున్నారు. వాళ్లకి నా జవాబు ఇది. కొండపల్లివాళ్లు తెల్లపొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులేస్తారు. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999లో చట్టం చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. షామ్‌బర్గ్ బేస్‌మెంట్‌లో పైన్ చెక్క మీద రౌటర్ తిప్పి కొండపల్లి బొమ్మ అని అమ్మితే అది అబద్ధం. ఏటికొప్పాక చూడండి. అక్కడ చేతి లేతు చోట కరెంటు లేతు వచ్చింది, అయినా అంకుడు చెక్క మీద ఉలి పట్టేదీ, లక్క అద్దేదీ మనిషే. మెషిన్ వచ్చినంతమాత్రాన చెయ్యి పోవాలని లేదు. ఎవరి చేతిలో ఏది ఉందన్నదే లెక్క. ఆ బొమ్మలు కావాలంటే అక్కడివాళ్ల దగ్గర కొనండి. మెషిన్ నేర్చుకోవాలంటే మీ సొంత బొమ్మ గీసుకోండి, నేను సాయం చేస్తాను.

నాన్న ప్రశ్నకి పూర్తి జవాబు దొరికిందని చెప్పను. ఆయనకి పోయిన పని తిరిగి రాలేదు. టౌనులో షాపు అలాగే నడుస్తోంది. కానీ ఇప్పుడు నేను కొత్త పలక కొన్నప్పుడల్లా ముందు ఆయనకి చూపిస్తాను. ఆయన నార ఎటుపోతుందో చూసి చెప్తారు, నేను టూల్‌పాత్ దిక్కు మారుస్తాను. మొన్న ఆయనే అడిగారు, "ఆ కత్తి మొన ఎన్ని మిల్లీమీటర్లు?" అని.

క్యాంపు రూముల్లో ఉండేవాళ్లు, మీరు మెషిన్ పెట్టుకోలేరని నాకు తెలుసు. ఎనిమిదిమంది ఉన్న గదిలో పై బంకు మీద పడుకున్నవాణ్ణే నేనూ. మెషిన్ తర్వాత సంగతి, ముందు ఒక పని ఉంది. మీ నాన్నో, మామయ్యో, మీ అమ్మో చేత్తో చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. నాగలి చెక్కడం కావచ్చు, వల అల్లడం కావచ్చు, మగ్గం కావచ్చు. ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా లేదా అన్న మాట అయ్యాక, ఆ పని గురించి ఒక్క ప్రశ్న అడగండి. "అక్కడ అలా ఎందుకు చేశావు?" అని. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అడిగి మరీ చేసుకోండి. పేరు, ఊరు, తేదీ రాసి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో బిట్లు విరగకుండా ఫీడ్ ఎలా పెట్టాలో చెప్తాను. ఈసారి స్పిండిల్ ఆపే మాట్లాడతాను.